గుంట ఓనమాల నుంచి గులాబీ గోపురం దాకా

మొదటి మాంటిస్సోరి బడి గోడల కోసం పుట్టింది. రోమ్ నగరంలో శాన్ లొరెంజో అని ఒక పేదల పేట. అక్కడి పాడుబడ్డ భవనాలను బాగుచేయించి అద్దెకిచ్చిన ఒక సంస్థకు కొత్త తలనొప్పి వచ్చిపడింది. తల్లీతండ్రీ కూలికి పోతే వెనక మిగిలిన చిన్నపిల్లలు మెట్ల మీదా వసారాల్లోనూ తిరుగుతూ కొత్తగా వేయించిన గోడలను పాడుచేస్తున్నారు. వాళ్లందరినీ ఒక గదిలో పెట్టి ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటే మరమ్మతు ఖర్చు మిగులుతుందని లెక్క వేశారు. ఆ గదిని మరియా మాంటిస్సోరి అనే డాక్టరుకు అప్పగించారు. 1907 జనవరి 6న తెరిచిన ఆ గదికి 'పిల్లల ఇల్లు' అని పేరు. సుమారు యాభై మంది పిల్లలు. దగ్గరుండి చూసుకోడానికి ఉపాధ్యాయ శిక్షణ ఏదీ లేని ఒక యువతి.

ఇవాళ మన నగరాల్లో ఆ పేరున్న మంచి బడికి వెళ్లి ఫీజు అడిగినవాళ్లకు ఈ కథ నమ్మబుద్ధి కాదు. కూలివాళ్ల పిల్లల మధ్య మొలిచిన పద్ధతి కలవారి బడి బోర్డు మీదికి ఎలా ఎక్కింది? దాన్ని మళ్లీ పల్లెబడికి దించాలని చూసినవాళ్లు ఎంతవరకు వచ్చారు? మాంటిస్సోరి, ఫ్రోబెల్, వాల్డార్ఫ్, గిజుభాయి, రిషివ్యాలీ, ఇలా అన్నిటినీ కలిపి మన విద్యాశాఖ కాగితాల్లో 'శిశుకేంద్రక విద్య' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. స్టాఫ్ రూముల్లో దాని మీద నడిచే వాదమూ ఒక్కటే: పిల్లలకు స్వేచ్ఛ ఇవ్వాలా, భయం చెప్పాలా? ఈ ప్రశ్నే తప్పని నా అభిప్రాయం. ఈ దారుల్లో నిలబడిన ప్రతి బడిలోనూ, పిల్లవాడు వచ్చి కూర్చునేలోపే ఎవరో ఒకరు చెమటోడ్చి ఏది ముందు, ఏది తర్వాత అని వరుస కట్టి పెట్టారు. ఆ కష్టాన్ని వదిలేసి పేరొక్కటే తెచ్చుకున్న బడులు ఎంతోకాలం నడవలేదు.

మాంటిస్సోరి 1896లో రోమ్ విశ్వవిద్యాలయం నుంచి వైద్యపట్టా తీసుకున్నారు. చదువు రాదని పిచ్చాసుపత్రుల్లో పడేసిన పిల్లలతో ఆమె మొదటి పని. వాళ్ల కోసం ఇటార్, సెగాన్ అనే ఫ్రెంచి వైద్యులు అంతకు ముందే చేసిన ప్రయోగాలను తిరగేసి, వాళ్ల వస్తువులను మార్చి, కొత్తవి కలిపి వాడారు. ఆ పిల్లలకు చదువు వచ్చింది. అందరూ ఆమెను మెచ్చుకుంటుంటే ఆమెకు మాత్రం, మరి మామూలు పిల్లలకు మన బడులు ఏం చేస్తున్నట్టు అని అనుమానం పట్టుకుంది. శాన్ లొరెంజో గదిలోకి ఆ అనుమానంతోనే వెళ్లారు.

ఆ గదిలో వాడినవి బొమ్మలు కావు. గులాబీ గోపురమే తీసుకోండి. పది చెక్క ఘనాలు. చిన్నదాని అంచు ఒక సెంటీమీటరు, పెద్దదానిది పది. రంగు ఒక్కటే, నునుపు ఒక్కటే, తేడా అంతా పరిమాణంలోనే. ఒకటి తప్పు చోట పెడితే గోపురం వంకర పోతుంది, పిల్లవాడికి తనకే తెలుస్తుంది. గుంటల్లో స్తంభాలు దించే చెక్కా అంతే. ఒకటి తప్పు గుంటలో దిగితే చివర ఒకటి మిగిలిపోతుంది. తప్పని చెప్పేది చెక్కముక్క. టీచరు నోరు విప్పనక్కర్లేదు. లెక్కలకు బంగారు పూసలు: విడి పూస ఒకటి, పది గుచ్చిన కడ్డీ, వంద పూసల పలక, వెయ్యి పూసల ఘనం. వెయ్యి ఎంత బరువుంటుందో పిల్లవాడు రెండు చేతులతో ఎత్తి చూస్తాడు. మన బళ్లల్లో చింతపిక్కలూ పదేసి పుల్లల కట్టలూ చేసే పని ఇదే, కాకపోతే మనం వంద దగ్గరే ఆగిపోతాం.

వస్తువులు కంటికి కనిపిస్తాయి కాబట్టి అందరూ వాటినే పట్టుకున్నారు. కనిపించనివి ఇంకా ముఖ్యం. మూడేళ్ల తేడా ఉన్న పిల్లలు ఒకే గదిలో ఉంటారు. ఒక్కో వస్తువు ఒక్కటే ఉంటుంది, అది కావాలంటే అవతలివాడు తిరిగి పెట్టేదాకా ఆగాలి. పొద్దున మూడు గంటల పాటు గంట కొట్టి పని చెడగొట్టేవాళ్లుండరు. ఎవరికి ఏ వస్తువు ఎప్పుడు చూపించాలో టీచరు మనసులో ఒక పట్టిక నడుస్తూనే ఉంటుంది. బయటి నుంచి చూసినవాళ్లకు ఆవిడ ఊరికే కూర్చున్నట్టుంటుంది.

ఆ వస్తువుల్లో మన వాళ్లు చూసి నవ్వుకోదగ్గది ఒకటుంది: గరుకు కాగితంతో కత్తిరించి అట్టకు అంటించిన అక్షరాలు. పిల్లవాడు వేలితో వాటి మీద దిద్దుతూ ఆ ధ్వని పలుకుతాడు. మనకిది గుంట ఓనమాలు. మద్రాసులో పనిచేసిన ఆండ్రూ బెల్ అనే మతగురువు ఇక్కడి పిల్లలు ఇసుకలో వేలితో రాయడం, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం చూసి, ఆ రెంటినీ తన బడిలో వాడి, 1797లో ఇంగ్లండులో పుస్తకం వేశారు. మద్రాసు గవర్నరు మన్రో దొర బడుల మీద జరిపించిన విచారణకు జవాబుగా 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన నివేదికలోనూ ఈ రెండు సంగతులూ ఉన్నాయి. ఈయన అంతకు ముందే తెలుగు వ్యాకరణం రాసిన మనిషి, భాష తెలిసి చూసినవాడు. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు అని లెక్క ఇచ్చాడు. పెద్దవాడు చిన్నవాడికి చెప్పే పద్ధతిని మెచ్చుకున్నాడు. పిల్లలు బట్టీ పట్టే పద్యాల అర్థం వాళ్లకు బొత్తిగా తెలియదని కూడా అదే కలంతో రాశాడు.

'అన్నీ మనకు ముందే ఉన్నాయి' అని మీసం మెలేయబోయేవాళ్లు ఈ రెండో మాట దగ్గర కాస్త ఆగాలి. వీధిబడిలో చేయి నేర్చుకుంది, చెవి నేర్చుకుంది. అర్థానికి మాత్రం అక్కడ చోటు లేదు. తప్పు దిద్దేది బెత్తం.

అక్షరాల సంగతి వచ్చింది కనుక ఇంకొంచెం. మాంటిస్సోరి పద్ధతిలో పిల్లవాడు చదవడం కంటే ముందు రాస్తాడు. విడి అక్షరాలు పేర్చి తనకు తెలిసిన మాటను తనే కడతాడు, చదవడం ఆ తర్వాత దానంతటదే వస్తుంది. ఇది ఇటాలియన్‌కు సాఫీగా కుదిరింది, పలికినట్టే రాసే భాష కాబట్టి. ఇంగ్లీషుకు కుదరాలంటే సవాలక్ష మినహాయింపులు నేర్పాలి. ఆ లెక్కన తెలుగు ఇటాలియన్‌కు చుట్టమే. కానీ మనకు వేరే చిక్కుంది. వర్ణమాల యాభై ఆరనుకున్నా, గుణింతాలన్నీ వేస్తే వందల రూపాలవుతాయి. వాటికి కింద వత్తులు. మకూ యకూ, డకూ దకూ తేడా ఒక చిన్న మెలికలో ఉంది. 'అ అమ్మ, ఆ ఆవు' అని వరుసగా పోతే, ఏడాది గడిచినా పిల్లవాడు తన పేరు రాయలేని స్థితి. అందుకే వర్ణమాల వరుసను పక్కనపెట్టి, సులువుగా గీయగల, ఎక్కువ మాటల్లో వచ్చే అక్షరాలతో మొదలుపెట్టాలని ఈ రంగంలో ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి చెబుతున్నారు. అట్టముక్కల మీద అక్షరాన్ని ఒకటిగా, తలకట్టు, గుడి, కొమ్ము వేరువేరుగా కత్తిరించి పిల్లల చేతికిచ్చి చూడండి. తలకట్టు తీసి గుడి పెడితే 'క' కాస్తా 'కి' అవుతుంది. గుణింతమంతా ఒక్కసారి ఆటవస్తువైపోతుంది. దీనికి రోమ్ నుంచి ఏదీ తెప్పించుకోనక్కర్లేదు. పాత పెళ్లిపత్రికలు చాలు.

మాంటిస్సోరి పేరు 1911 నుంచి అమెరికాలో మార్మోగింది. 1915లో శాన్ ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో అద్దాల గోడల తరగతి గది కట్టి జనానికి చూపించారు. అదే సమయంలో కొలంబియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు విలియం కిల్‌పాట్రిక్, 1914లో వేసిన చిన్న పుస్తకంలో, ఇది పాతబడ్డ మనోవిజ్ఞానం, ఇందులో పిల్లల ఊహకూ కలిసి చేసే పనికీ చోటు తక్కువ అని కొట్టిపారేశాడు. శిశుకేంద్రక విద్యకు పేరుమోసిన జాన్ డ్యూయీకి ఆయన శిష్యుడు. అంటే మాంటిస్సోరిని అమెరికాలో మొదట దెబ్బతీసింది బెత్తం పట్టే పాతకాలపు పంతుళ్లు కాదు, మరో రకం శిశుకేంద్రకవాదులు. ఈ చీలిక ఇవాళ్టికీ మానలేదు. ఒక పక్క వరుస కట్టిన పని, ఇంకో పక్క పిల్లల ఆసక్తి వెంట సాగే ప్రాజెక్టు. రెంటినీ ఒకే పేరుతో పిలిచి మనం గందరగోళపడుతున్నాం.

ఇటలీలో ముసోలినీ ఆమెను మొదట నెత్తిన పెట్టుకున్నాడు, 1934 నాటికి చెడింది. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద కొడుకు మారియోతో మద్రాసు అడయారు చేరారు. అప్పటికి ఆమెకు అరవై తొమ్మిదేళ్లు. తాటాకు పాకల కింద నడిచిన మొదటి శిక్షణకు దేశం నలుమూలల నుంచి సుమారు మూడు వందల మంది వచ్చారు. మరుసటేడు ఇటలీ యుద్ధంలో దిగడంతో శత్రుదేశపు మనుషులంటూ మారియోను నిర్బంధించారు. ఆగస్టు 31న, ఆమె డెబ్భయ్యో పుట్టినరోజుకు కానుకగా అన్నట్టు విడుదల చేశారు. తర్వాత కోడైకెనాల్లో గడిపిన రెండేళ్లు మన వ్యాసానికి ముఖ్యం. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి అన్న భాగం అక్కడి కొండల మీద తిరుగుతూ, చెట్లూ పురుగులూ చూపిస్తూ ముదిరింది. ప్రాథమిక తరగతులకు మాంటిస్సోరి అని ఇవాళ ప్రపంచమంతా చెప్పుకునే దానిలో ఒక పాలు తమిళదేశపు కొండలది.

ఆమె రాకముందే ఆమె పద్ధతి ఇక్కడికి వచ్చింది. గుజరాతులో గిజుభాయి బధేకా వకీలు వృత్తి వదిలి 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచాడు. మాంటిస్సోరికి చిన్నపిల్లల విషయంలో కల్పిత కథలంటే అంత ఇష్టం లేదు. గిజుభాయి బడి కథలతోనే మొదలవుతుంది. తెలుగులో 'పగటి కల'గా వచ్చిన ఆయన 'దివాస్వప్న' చదివిన ఉపాధ్యాయులు మన దగ్గర చాలామందే ఉన్నారు. చదివినప్పుడు కళ్లు మెరుస్తాయి, మర్నాడు ఎంఈఓ అడిగిన లెక్కలు పంపడంతో సరిపోతుంది. గాంధీగారు 1931 అక్టోబరులో లండన్‌లో మాంటిస్సోరి శిక్షణ కళాశాలకు వెళ్లినప్పుడు, ఇలాంటి చదువు కలవారికే కాదు, కటిక పేదల పిల్లలకూ అందాలని తన ఆశ చెప్పారు. ఆ ఆశను పనిగా మార్చిన మనిషి తారాబాయి మోదక్. 1945లో బోర్డీలోనూ, 1957 నుంచి కోస్బాడ్ కొండ మీదా వార్లీ ఆదివాసీ పిల్లల మధ్య పనిచేశారు. చెక్క వస్తువుల బదులు గింజలు, గవ్వలు, ఆకులు, మట్టి. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకుపోయారు. పశువులు కాసే పిల్లల కోసం పచ్చిక మీదికి కూడా తీసుకుపోయారు. ఇవాళ ప్రతి ఊళ్లో ఉన్న అంగన్‌వాడీకి ఆ పేరూ ఆ ఆలోచనా అక్కణ్నుంచే వచ్చాయంటారు.

మిగతావాటి గురించి క్లుప్తంగా చెబుతాను. ఫ్రోబెల్ జర్మనీలో 1837లో మొదలుపెట్టి 1840లో 'పిల్లల తోట' అని పేరు పెట్టిన బడిని ప్రష్యా ప్రభుత్వం 1851లో నిషేధించింది. ఆటపాటల బడి నుంచి రాజ్యానికి వచ్చే ముప్పేమిటో వాళ్లకే తెలియాలి. వాల్డార్ఫ్ బడి 1919లో స్టుట్‌గార్ట్‌లో సిగరెట్ల కర్మాగారం కార్మికుల పిల్లల కోసం వచ్చింది. ఇది కూడా కూలివాళ్ల గడప నుంచి కలవారి గడపకు ఎక్కినదే. వాళ్లు ఏడేళ్లు వచ్చేదాకా చదవడం, రాయడం జోలికి పోరు. ఈ మాట హైదరాబాదులో ఒక తండ్రితో అంటే 'ఏడేళ్లా?' అని కుర్చీ లోంచి లేస్తాడు. ఇటలీలో రెజియో ఎమిలియా బడులు రెండో యుద్ధం ముగియగానే, జర్మన్లు వదిలిపోయిన ట్యాంకునూ లారీలనూ గుర్రాలనూ అమ్మిన డబ్బుతో ఊరివాళ్లు ఇటుక ఇటుక పేర్చి కట్టుకున్నవి. అక్కడ పిల్లల బొమ్మలకూ మాటలకూ ఇచ్చే విలువ నాకు చాలా ఇష్టం. అయితే ఆ పట్టణానికి తన బడి మీద ఉన్న హక్కుభావాన్ని ఫ్రాంచైజీగా కొనుక్కోలేం.

ఇక మనింటి కథ. మదనపల్లెకు దగ్గర్లో, జిడ్డు కృష్ణమూర్తి పెట్టిన రిషివ్యాలీ బడి పేరు చాలామంది విన్నదే. ఫీజు కట్టి చదివే ఆవాస పాఠశాల. ఈ వ్యాసానికి కావలసింది ఆ ప్రాంగణం కాదు, దాని చుట్టూ పల్లెల్లో 1980ల చివర్లో రమ, పద్మనాభరావు దంపతులు మొదలుపెట్టిన చిన్న బడులు. ఒక గది, ఒక టీచరు, ఒకటి నుంచి ఐదు దాకా పిల్లలు. మన రాష్ట్రాల్లో ఏకోపాధ్యాయ పాఠశాల అంటే లోటు అని అర్థం. వేరే దారి లేక నడిపేది. మాంటిస్సోరి కావాలని కలిపిన వయసులు ఇక్కడ గత్యంతరం లేక కలిశాయి. వాళ్లు ఆ గత్యంతరం లేనితనాన్నే పద్ధతిగా మార్చారు.

పాఠ్యపుస్తకాన్ని విప్పి వందలాది కార్డులుగా చేశారు. ప్రతి కార్డుకూ ఒక గుర్తు, ఒక అంకె. గోడ మీద నిచ్చెన బొమ్మ. మెట్టుకు మెట్టుకు ఏ గుర్తు తర్వాత ఏ గుర్తో ఉంటుంది. పిల్ల బడికి వచ్చి నిచ్చెన మీద తను నిన్న ఆగిన చోటు చూసుకుని, తన కార్డు తీసుకుని, ఆ పనికి తగ్గ గుంపులో కూర్చుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు టీచరు దగ్గర, సాధన చేసేవాళ్లు తోటిపిల్లల దగ్గర, వచ్చేసినవాళ్లు సొంతంగా. ఆ పల్లెల్లో బతుకు తెలిసినవాళ్లకు దీని విలువ ఇట్టే అర్థమవుతుంది. వేరుశెనగ పీకే రోజుల్లో, టమోటా కోతల్లో పిల్లలు వారం పది రోజులు బడికి రారు. మామూలు బడిలో ఆ పది రోజులకు పాఠం దాటిపోతుంది. తిరిగొచ్చిన పిల్ల వెనక బెంచీలో కూర్చుని ఎవరి నోట్సో కాపీ చేసుకుంటుంది. ఇక్కడ నిచ్చెన ఆ పిల్ల కోసం ఆ మెట్టు మీదే ఆగి ఉంటుంది.

కొలంబియా దేశంలోనూ 1970ల నుంచి కొండప్రాంతపు ఒక టీచరు బడుల కోసం వికీ కోల్బర్ట్ తదితరులు ఇలాంటిదే కట్టారు. ఇక్కడా అక్కడా రహస్యం ఒకటే. ఆ కార్డుల్లో టీచరుకు పాతికేళ్ల అనుభవం దాచిపెట్టి ఇచ్చారు. కొత్తగా చేరిన పల్లెటూరి యువకుడు కూడా వాటిని పట్టుకుని నడవగలడు.

ఇంత బాగుంటే రాష్ట్రమంతా ఎందుకు పాకలేదు? పక్క రాష్ట్రాలకు పాకింది. మైసూరు జిల్లా హెచ్.డి. కోటెలో టీచర్లు రిషివ్యాలీ వచ్చి చూసి వెళ్లి 1995లో 'నలి కలి' మొదలుపెట్టారు. చెన్నై కార్పొరేషన్ బడుల్లో 2003లో నాటిన కృత్యాధార బోధన నాలుగేళ్లలో తమిళనాడంతా పరుచుకుంది. పుట్టింటి ఆంధ్రలో అంతకు ముందే బ్రిటన్ సాయంతో ప్రాథమిక విద్యా ప్రాజెక్టు ఆరు సూత్రాలతో వచ్చింది. పిల్లలు చేసి నేర్చుకోవాలి, పరిసరాలను వాడుకోవాలి, వ్యక్తిగత తేడాలు గమనించాలి, పిల్లల పనులను గదిలో ప్రదర్శించాలి, వగైరా. టీచర్లు నెలనెలా కలిసి మాట్లాడుకునే కేంద్రాలు పెట్టడం మంచి ఆలోచన. నేను చూసినంతలో ఆరు సూత్రాల్లోనూ గోడకు అంటించే సూత్రమే చిరకాలం బతికింది. తనిఖీకి వచ్చినవాడి కంటికి అది ఒక్కటే పడుతుంది కదా! తర్వాత టీఎల్ఎం (బోధనాభ్యసన సామగ్రి) మేళాలు వచ్చాయి. థర్మకోల్ మీద రంగు కాగితాలతో ఉపాధ్యాయినులు రాత్రంతా మేలుకుని చేసిన నమూనాలు బహుమతి తెచ్చుకుని స్టాఫ్ రూము అటక ఎక్కాయి. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షనులో శిశుకేంద్రక బోధన చట్టమే అయింది. దానితో వచ్చిన నిరంతర మూల్యాంకనం బడిలో రికార్డుగా మారింది. పిల్లవాణ్ని గమనించి రాయమంటే, రాయడం మిగిలింది, గమనించడం పోయింది.

తమిళనాడు కథా ఆగకుండా సాగలేదు. కార్డులు చిరిగిపోయాయి, కొత్తవి రాలేదు. ఊరివాళ్లకు పుస్తకం లేని చదువు చదువులా కనిపించలేదు. 2022 నుంచి అక్కడ మొదటి మూడు తరగతులకు వేరే కార్యక్రమం నడుస్తోంది.

ఈ పద్ధతుల వల్ల నిజంగా మేలు ఉందా అన్నదానికి ఇప్పుడు గట్టి ఆధారాలు ఉన్నాయి. మొదట్లో ఉన్న చిక్కు ఏమిటంటే, మాంటిస్సోరి బడికి పంపే తల్లిదండ్రులు వేరే రకంవాళ్లు. పిల్లలు బాగుంటే బడి వల్లనా, ఇంటి వల్లనా? అమెరికాలో కొన్ని సర్కారు మాంటిస్సోరి బడుల్లో సీట్లు లాటరీ తీసి ఇస్తారు. లాటరీ తగిలినవాళ్లనూ తగలనివాళ్లనూ పోల్చి చూస్తే ఈ చిక్కు విడిపోతుంది. ఏంజెలిన్ లిలార్డ్ అనే పరిశోధకురాలు 2006లో మిల్వాకీలో చేసింది ఇదే. ఐదేళ్ల పిల్లలు చదవడంలోనూ లెక్కల్లోనూ తోటివారితో మెలగడంలోనూ ముందున్నారు. 2025లో అచ్చయిన మరో అధ్యయనం 24 సర్కారు బడుల్లో 588 మంది పిల్లలను అదే పద్ధతిలో చూసింది. కిండర్‌గార్టెన్ చివరికి చదవడం, జ్ఞాపకం, మనసును అదుపులో పెట్టుకోవడం మెరుగ్గా ఉన్నాయి. ఖర్చు మాత్రం మూడేళ్లకు పిల్లవాడికి సుమారు 13 వేల డాలర్లు తక్కువ. కారణం సులువు: వయసులు కలిపిన గదిలో ఒక టీచరు ఎక్కువమందిని చూడగలదు, పెద్దపిల్లలు సగం పని చేస్తారు. బళ్లారి కలెక్టరు మెచ్చుకున్న సంగతే.

వ్యతిరేక సాక్ష్యం కూడా ఉంది. ఫ్రాన్సులో పేదల పేటలోని సర్కారు శిశుపాఠశాలలో పిల్లల్ని లాటరీ లాగే పంచి చూస్తే, మాంటిస్సోరి గదిలోవాళ్లు చదవడంలో ముందున్నారు. లెక్కల్లో, తోటివారితో మెలగడంలో తేడా కనిపించలేదు. నాకు అన్నిటికంటే పనికొచ్చే అధ్యయనం 2012లో లిలార్డే చేసిన ఇంకొకటి. అచ్చంగా మాంటిస్సోరి వస్తువులే ఉన్న గదులనూ, వాటితోపాటు వర్క్‌షీట్లూ మామూలు బొమ్మలూ కలిపిన గదులనూ పక్కపక్కన పెట్టి చూశారు. కలిపిన గదుల్లో లాభం తగ్గింది. 'మాంటిస్సోరీ ఉంది, హోం వర్కూ ఉంది, రెండూ బెస్టు' అని అడ్మిషన్ల కరపత్రాల్లో రాసుకునేవాళ్లు ఈ ముక్క చదవాలి.

అసలైన ఎదురుదెబ్బ వేరేచోట తగిలింది. అమెరికాలో 1968 నుంచి పేదపిల్లల మొదటి మూడు తరగతుల కోసం 'ఫాలో త్రూ' అని పెద్ద ప్రయోగం నడిచింది. ఇరవైకి పైగా పద్ధతులను దేశమంతటా బడుల్లో పెట్టి 1977లో లెక్క తీశారు. పిల్లల ఆసక్తి వెంట వదిలేసిన పద్ధతులు చదవడంలో, లెక్కల్లో వెనకబడ్డాయి. టీచరు అడుగడుగూ చెబుతూ, పిల్లలు ఒక్క గొంతుతో జవాబిస్తూ సాగే పద్ధతి పైకొచ్చింది. ఆ మూల్యాంకనం మీద తగాదాలు చాలా జరిగాయి. కానీ అందులోని కుట్టు మనల్ని వదలదు. అదే కాలంలో ఇంగ్లండులో బేసిల్ బెర్న్‌స్టీన్ అనే సామాజికశాస్త్రవేత్త దీనికి ఒక కారణం చూపాడు. బడి నియమాలు బయటికి చెప్పకుండా ఆటలో దాచి పెడితే, ఇంట్లో పుస్తకాలున్న పిల్లవాడు వాటిని పసిగడతాడు. లేనివాడు ఆడుకుని వెళ్లిపోతాడు, తనకేం అంతు చిక్కలేదో కూడా వాడికి తెలియదు.

ఇది చదివినప్పుడు నాకు మన ఊరి తల్లులు గుర్తొస్తారు. 'మాకు సదువు రాదు సార్, ఇంట్లో చెప్పేవాళ్లు లేరు, మీరే రెండు దెబ్బలేసైనా చెప్పండి' అంటారు. ఆ మాటలో దెబ్బ ఒక్కటే విని మనం చులకనగా చూస్తాం. ఆమె అడుగుతున్నది దెబ్బ కాదు, పూచీ. ఏడాది తిరిగేసరికి పిల్లకు అక్షరం వస్తుందని ఎవరైనా పూచీ పడాలి. రిషివ్యాలీ నిచ్చెన ఆ పూచీని గోడ మీద రాసి చూపిస్తుంది. ఏ మెట్టు మీద ఉందో తల్లి వచ్చి వేలితో చూసుకోవచ్చు. దాన్ని ఫాలో త్రూ ఓడించిన పద్ధతుల గాట కట్టలేం. అక్కడ ఓడింది వరుస లేని స్వేచ్ఛ.

పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే నివేదికల ప్రకారం పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు దేశం మొత్తం మీద 2022లో నూటికి 20 మంది, 2024లో 27 మంది. ఈ అంకెలు రాకముందే తెలంగాణ 2022 ఆగస్టులో 'తొలిమెట్టు' మొదలుపెట్టింది. తరగతి ఏదైనా, పిల్లవాడు ఉన్నచోటు నుంచి చెప్పాలన్నది దాని సారం. శిశుకేంద్రకం అన్న మాట పైకి అంతగా వినపడకపోయినా, ఈ ఒక్క విషయంలో అది నిచ్చెనకు దగ్గరే. తమిళనాడులో 640 అంగన్‌వాడీలతో జరిగిన ఒక అధ్యయనంలో సగం కేంద్రాలకు చదువు చెప్పడానికి అదనంగా ఒక మనిషిని, అదీ సగం పూటకు, ఇచ్చి చూశారు. చదువూ పెరిగింది, పిల్లల ఒంటి పోషణా మెరుగైంది. గులాబీ గోపురాలు లేవు. రెండు చేతులు ఎక్కువయ్యాయి, అంతే.

మాంటిస్సోరి అన్న పేరు ఎవరి సొత్తూ కాదు. అమెరికాలో 1967లో దీని మీద తగాదా వస్తే, అది జాతిపేరు, ఎవరైనా వాడుకోవచ్చని తేల్చారు. మన సందుసందునా ఆ బోర్డు కనిపించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ పేరుతో మంచి పనీ జరిగింది. విజయవాడలో 1955లో వి. కోటేశ్వరమ్మగారు పెట్టిన బడి తర్వాత ఆడపిల్లల కళాశాలగా కూడా పెరిగి, ఊళ్లో ఆవిడను మాంటిస్సోరి కోటేశ్వరమ్మగారనే పిలిచేవారు; 2017లో పద్మశ్రీ వచ్చింది. మిగతా చోట్ల తెలుగులో ఆ మాటకు స్థిరపడ్డ అర్థం ఇంగ్లీషు మీడియం, బెల్టూ టై, ఎల్కేజీ నుంచి నాలుగు గీతల కాపీ పుస్తకం. మరియా మాంటిస్సోరి ఆ గదిలోకి వస్తే, ముందు ఆ బెంచీలు బయట పెట్టమంటుంది.

2020 విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశగా కలిపింది. అంటే అంగన్‌వాడీ, ఒకటి, రెండు తరగతులు ఒక్క ప్రాణం. కాగితం మీద ఇది మాంటిస్సోరి, తారాబాయి ఇద్దరూ సంతకం పెట్టగల మాట. 2023 ఫిబ్రవరిలో ఎన్సీఈఆర్టీ ఆ వయసు పిల్లల కోసం 'జాదూయీ పిటారా' అని ఆటవస్తువుల పెట్టె తెచ్చింది. బొమ్మలు, పజిళ్లు, కథల కార్డులు, తోలుబొమ్మలు. అలాంటివే రాష్ట్రాలూ తమ వంతుగా పంపిణీ చేస్తుంటాయి.

పోయినేడు ఒక పల్లెబడికి వెళ్లాను. ఒకటి, రెండు తరగతులు కలిపి పందొమ్మిది మంది. ఎస్జీటీ మేడం మంచి మనిషి, పిల్లలు ఆవిడ కొంగు పట్టుకుని తిరుగుతున్నారు. నల్లబల్ల మీద 'మా ఊరి చెరువు' అని రాసి ఉంది, మొదటి వరుసలో ఒక పిల్ల పలక మీద దాన్ని దిద్దుతోంది. గది మూల ఇనప బీరువా, దాని అద్దంలోంచి సీలు తీయని రెండు ఆటవస్తువుల పెట్టెలు కనిపించాయి.

'వాడరా మేడం?' అని అడిగాను.

'చిన్నపిల్లలు కదండీ, పాడు చేస్తారు. స్టాకు రిజిస్టరులో ఎక్కినవి. ఒక్క ముక్క పోయినా నేను జవాబు చెప్పుకోవాలి.'

తాళం ఎక్కడుందన్నాను. హెడ్మాస్టరుగారి దగ్గరుందట, ఆయన ఆ రోజు మీటింగుకు వెళ్లారు.